క్రైమ్ కథల జాజ్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: పాత డిటెక్టివ్ నవలలంటే నాకు పిచ్చి. బ్లాక్ అండ్ వైట్ క్రైమ్ సినిమా అనగానే రాత్రి, వాన, వెనక ఒంటరిగా ఓ సాక్సాఫోన్... ఇదే నా మనసులో ఉన్న బొమ్మ. తీరా 1940ల నాటి హాలీవుడ్ సినిమాలు చూస్తుంటే ఆ సంగీతం ఎక్కడా వినిపించట్లేదు! అలాంటి జాజ్ కావాలంటే ఏది వినాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వినిపించకపోవడంలో వింతేం లేదండీ. ఆ రోజుల్లో ఇలాంటి సినిమాలకి ఎక్కువగా పెద్ద ఆర్కెస్ట్రాలే వాయించేవి. 1944లో వచ్చిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ చూడండి, మిక్లోష్ రోజా సంగీతమంతా వయొలిన్లూ బ్రాస్ వాయిద్యాల హోరే. జాజ్ వచ్చినా ఏ క్లబ్ సీన్లోనో వచ్చి పోతుంది. మీరు చెప్పే ఆ ఒంటరి వాయిద్యం ముద్ర చాలావరకు తర్వాత పడిందే.

మీరు మొదట వినాల్సింది ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ చేసిన ఓ సినిమా సంగీతం. నన్నడిగితే ఈ తరహాలో దాన్ని మించింది ఇప్పటికీ రాలేదు. 1957 డిసెంబర్‌లో పారిస్‌లో, లూయీ మాల్ తీసిన ‘ఎలివేటర్ టు ది గాలోస్’ కోసం రికార్డ్ చేశారు. కథకి మూలం ఓ క్రైమ్ నవలే. ప్రియురాలి భర్తని చంపి బయటపడబోతున్నవాడు, బిల్డింగ్‌లో కరెంటు ఆపేయడంతో లిఫ్ట్‌లో ఇరుక్కుపోతాడు, అతనేమయ్యాడో తెలియక ఆమె రాత్రంతా వీధులు పట్టుకు తిరుగుతుంది. మైల్స్ పూర్తి స్కోరేమీ రాసుకోలేదు. తెర మీద సీన్లు మళ్లీ మళ్లీ వేస్తుంటే, అవి చూస్తూ నలుగురు తోడు వాద్యకారులతో ఒక్క రాత్రిలో అప్పటికప్పుడు వాయించేశాడు. చాలాచోట్ల ఒకటి రెండు కార్డ్స్ (chords, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు) మీదే నడుస్తుంది, అందుకే ట్రంపెట్ ఎటూ తేలకుండా, ఆమె లాగే, అక్కడక్కడే తచ్చాడుతున్నట్టు ఉంటుంది. ఆ ప్రియురాలిగా నటించిన జాన్ మొరో షాపుల అద్దాల వెలుగులో నడిచే సీన్ ఒక్కటి చూడండి, ఆమె పెద్దగా మాట్లాడక్కర్లేదు, టెన్షన్ అంతా ఆ ట్రంపెట్టే మోస్తుంది.

ఇక నవలల పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకో రెండు. బాస్ వాద్యకారుడు చార్లీ హేడెన్ ‘హాంటెడ్ హార్ట్’ డిటెక్టివ్ రచయిత రేమండ్ చాండ్లర్ కథల్లోని లాస్ ఏంజెలెస్ మీద ప్రేమతో చేసిన ఆల్బమ్. బృందం వాయిస్తూ వాయిస్తూ ఉండగా బిలీ హాలిడే లాంటి గాయనుల పాత రికార్డింగ్ అలా వచ్చి కలిసిపోతుంది. వింటే గుండె బరువెక్కుతుంది. సాక్సాఫోన్ వాద్యకారుడు, స్వరకర్త జాన్ జోర్న్ ‘స్పిలేన్’ దీనికి పూర్తిగా వ్యతిరేకం. మికీ స్పిలేన్ నవలల ప్రపంచాన్ని చిన్న కాగితపు కార్డుల మీద ముక్కలు ముక్కలుగా రాసుకుని వరసగా కూర్చిన దాదాపు 25 నిమిషాల పీస్, జాజ్‌లోంచి చప్పున అరుపులోకి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో దూకుతుంది. దాన్ని మాత్రం చివర్న వినండి.

మైల్స్ విషయంలో ఇంకో మాట. సినిమాలో సంగీతం కాసేపే ఉంటుంది కాబట్టి ముందు సినిమా చూసి, తర్వాత ఆల్బమ్ పెట్టుకోండి. మొదట వచ్చిన రికార్డులో ఎకో కలిపారు. తర్వాతి సీడీలో ఎకో లేని అసలు టేకులు కూడా ఉన్నాయి, వీలైతే అవే వెతికి వినండి.