విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ గార్డెనింగ్ సర్టిఫికెట్: నర్సరీకి పనికొస్తుందా?

ఉద్యోగం మానకుండా మొక్కల పెంపకంలో సర్టిఫికెట్ తీసుకోవచ్చా, రేపు నర్సరీ పెడితే అక్కరకొస్తుందా అని అడిగారు. తీసుకోవచ్చండి. అక్కరకు రావడం మాత్రం కోర్సుని బట్టి ఉంటుంది.

వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారి రెండేళ్ల డిప్లొమా పదో తరగతి అయిన పిల్లల కోసం. అది మనకి కాదు. నేను దూరవిద్య చెప్పే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే ఇగ్నోలో సేంద్రియ వ్యవసాయం సర్టిఫికెట్ చేశాను. ఇంటర్ పాసైతే చాలు. కనీసం ఆరు నెలలు, తీరిక లేకపోతే రెండేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. ప్రాంతీయ కేంద్రం విశాఖలోనే ఉంది. పుస్తకాలు బాగుంటాయి గానీ, చాలా భాగం సేంద్రియ సాగు, పంటల తనిఖీ, ధృవీకరణ, మార్కెటింగ్ గురించే. గులాబీకి అంటు కట్టడం అందులో రాదు.

ఆ చేతిపని నాకు ఆదివారాలు ఓ నర్సరీలో పెద్దాయన పక్కన కూర్చుంటే వచ్చింది. గాలి అంటు కట్టడమే చూడండి, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించడం. పెన్సిల్ లావు జామ కొమ్మకి అంగుళం వెడల్పున బెరడు ఉంగరంలా తీసేస్తాం. కింద జిగురుజిగురుగా ఓ పొర మిగులుతుంది. ఆయన చాకు వీపుతో దాన్ని గీకిందే గీకేవారు. "అది ఉంటే బెరడు మళ్లీ కలిసిపోద్ది బాబూ, వేరు రాదు" అనేవారు. ఆకుల్లో తయారైన ఆహారం బెరడులోంచే కిందకి దిగుతుంది. దారి తెగేసరికి కోత పై అంచు దగ్గర పోగుపడి, అక్కడే వేళ్లు పుడతాయి. తడి నాచు పెట్టి ప్లాస్టిక్ కాగితం బిగించి కడితే నెలా రెండు నెలల్లో తెల్లటి వేళ్లు బయటికి కనిపిస్తాయి.

పుస్తకం చెప్పనిది ఇంకోటి, మన ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు మేడల మీద ఆకుల అంచులు మాడితే బలం చాల్లేదని యూరియా పోసేస్తుంటారు. ముందు ఆకుల్ని మంచినీళ్లతో కడగాలి. కాగితంపూలు, గన్నేరు ఆ గాలికి బాగానే తట్టుకుంటాయి.

వారాంతపు వర్క్‌షాపుల్లో మెరిసే సర్టిఫికెట్టూ, కోకోపీట్ సంచీ, గ్రూప్ ఫొటో దక్కుతాయి. సరదాకైతే వెళ్లండి. తోటమాలి ఉద్యోగం కావాలంటే అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్ వారి గార్డెనర్ సర్టిఫికెట్ నయం.

ఇక నర్సరీ. మొక్క కొనేవాళ్లెవరూ మీ సర్టిఫికెట్ అడగరు. ఇక్కడ అమ్మే మొక్కల్లో చాలా వరకు రాజమండ్రి దగ్గర నర్సరీల ఊరు కడియం నుంచి లారీల్లో దిగేవే. కొన్ని రకాలైనా సొంతంగా అంట్లు కట్టుకుంటేనే నాలుగు డబ్బులు మిగులుతాయి. అందుకే ముందు దగ్గర్లో ఓ నర్సరీ వాళ్లతో ఆదివారాలు మాట్లాడుకోండి, ఫీజు తర్వాత కడుదురు గాని.