పుస్తకాల అరలకి చీటీలు: మేనకోడలికి మావయ్య

చి. సౌ. మేనకోడలికి,

మావయ్య ఆశీస్సులు. కొత్తింట్లో పుస్తకాలకి లేబుళ్ళు అంటిద్దామనుకుంటున్నాను, ఏ రకం కొనాలి అని అడిగేవు. కొనే ముందు ఒక మాట విను. లేబులు అరకి, పుస్తకానికి కాదు. వెన్ను మీద అంటించిన కాగితాన్ని కొన్నేళ్ళు పోయేక పీకితే అట్ట పైపొర కూడా దాంతో ఊడొస్తుంది. లైబ్రరీల్లో అంటిస్తారు కదా అంటావు. అక్కడ పుస్తకం పదిమంది చేతులు మారి, వేల పుస్తకాల మధ్య తన చోటికి తిరిగి రావాలి. లైబ్రరీల్లో పుస్తకాలకి విషయాన్నిబట్టి నంబర్లిచ్చే డ్యూయీ లెక్క ప్రకారం తెలుగు సాహిత్యం 894.827. మీ ఇంట్లో ముప్పాతిక అవే. ఆ నంబరు వేసుకుంటే నీకు ఒరిగేదేముంది?

పేరన్నది విడదీసి చూపించాలి. తెలుగు కథల కోసమే శ్రీకాకుళంలో 1997లో పెట్టిన లైబ్రరీ, కథానిలయానికి వెళ్ళి అరకి ‘కథలు’ అని చీటీ తగిలిస్తే ఎవరికి పనికొస్తుంది? నీ ఇంట్లో ఆ చీటీ పనికొస్తుంది. ఇంట్లోవాళ్ళు నోటితో ఏమంటారో అదే రాయి: ‘వంటలు’, ‘పిల్లలవి’, ‘పూజలు, పంచాంగాలు’, ‘ఇంకా చదవనివి’. ‘ఇతరములు’ అని మాత్రం రాయకు, నెల తిరక్కుండా సగం పుస్తకాలు అందులోనే చేరతాయి. మొదటి రెండు వారాలూ చిత్తుకాగితం మీద పెన్సిల్‌తో రాసి, పుస్తకాల మధ్య దోపి ఉంచు. మీ అత్తగారు పంచాంగం కోసం వంగాల్సొస్తోందా, చిన్నవాడికి బొమ్మల పుస్తకాలు అందుతున్నాయా అన్నది వాడకంలోనే తేలుతుంది. మూడడుగుల అరలో జానెడు ఖాళీ వదులు. కిక్కిరిసిన అరలో కొత్త పుస్తకానికి చోటుండదు, అది పక్క అరలోకి పోతుంది, నీ చీటీ అబద్ధమైపోతుంది.

ఇక సరుకు. నీ దగ్గర మూడు రకాల అరలున్నాయి, మూడింటికీ ఒకటే మందు పనిచెయ్యదు.

గోడ అలమరలో సున్నం మీద, డిస్టెంపర్ మీద జిగురు నిలవదు. పొడి రాలిపోతుంది, చీటీ దాంతోపాటే రాలుతుంది. అక్కడికి పాత శుభలేఖల అట్టలు చాలు. మూడంగుళాల వెడల్పు, అయిదంగుళాల పొడవు ముక్క కోసి, ఒక చివర అంగుళం మడిచి వేలాడదీయి. మిగతా నాలుగంగుళాలూ పుస్తకాల కింద ఉంటాయి. మడిచే ముందు సిరా అయిపోయిన పెన్నుతో, స్కేలు ఆనించి గట్టిగా గీత నొక్కు, లేకపోతే మడత వంకరపోతుంది. బంగారు పూత ఉన్నవైపు సిరా పట్టదు, ఖాళీవైపు రాయి. పైన బరువైన పుస్తకాలు రెండు మూడు పెట్టు. పల్చటి పుస్తకం ఒక్కటే ఉంటే అది తీసినప్పుడల్లా అట్ట కూడా జారి వస్తుంది. నన్నడిగితే ఇంతకంటే మంచి లేబులు లేదు: జిగురు లేదు, మరక లేదు, ఖర్చు లేదు.

ఇనప బీరువాకి పల్చటి మాగ్నెట్ షీటు కత్తెరతో ముక్కలు చేసి పెట్టుకో. ముందు అయస్కాంతం ఆనించి చూసుకో, స్టెయిన్‌లెస్ స్టీలు అన్నిటికీ పట్టదు.

సన్‌మైకా వేసిన ప్లైవుడ్ అరలకే టేపు. అర అంచు మామూలుగా 18, 19 మిల్లీమీటర్లుంటుంది కాబట్టి 12 మిల్లీమీటర్ల టేపు తీసుకో. 18ది అంచుకి అంచు వచ్చి, చెయ్యి తగిలినప్పుడల్లా లేచిపోతుంది. గంటస్తంభం దగ్గర స్టేషనరీ దుకాణంలో అడిగితే మామూలు గోధుమరంగు మాస్కింగ్ టేపు చేతిలో పెడతారేమో, అది వద్దు. మన ఎండలకి దాని జిగురు ఎండి గట్టిపడి, కాగితం ఒక్కటే ఊడి జిగురు అక్కడే ఉండిపోతుంది. పెయింటర్లు వాడే నీలం టేపు కావాలని పెయింట్ల దుకాణంలో అడుగు. సెలోఫేన్ టేపు పసుపెక్కి మరక పెడుతుంది. మైదా జిగురైతే వెండిపురుగులకి విందు. రేపు పాలిష్ పెట్టిన టేకు అర కొన్నా దాని మీద నీలం టేపు కూడా వద్దు, పాలిష్ ఊడొస్తుంది. అక్కడా శుభలేఖ అట్టే.

పైడితల్లమ్మ పండక్కి ఎలాగూ ఇల్లు దులుపుతావు గానీ టేపు పని అప్పుడు పెట్టుకోకు. ఆ పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగాటి మాను, సిరిమాను, తిరిగేది దసరా వెళ్ళిన మంగళవారం, అంటే తుఫాన్ల కాలం. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చేయి. చెమ్మ పట్టిన సన్‌మైకా మీద టేపు పట్టు చాలదు. సంక్రాంతి ముందు పొడి రోజు చూసుకో. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరేక, టేపు ఒక చివర అయిదు మిల్లీమీటర్లు లోపలికి మడిచి అంటించు. తీసేటప్పుడు పట్టుకోడానికి అదే చెవి. తీసేటప్పుడు ఎదురుగా లాగకు, వెనక్కి మడిచి అంచు వెంబడే మెల్లిగా లాగు. జిగురు మిగిలితే దూదితో కొబ్బరినూనె రాసి పది నిమిషాలాగి తుడువు. ముందు ఆ అర పుస్తకాలు తీసెయ్యి, నూనె చుక్క పడిన కాగితం ఇక బాగుపడదు.

అర అంచు మీద రాయడం కుదరదు. స్టీలు పళ్ళెం వెనకవైపు టేపు అంటించి, సన్న మార్కరుతో రాసి, ఆరేక తీసి అరకి మార్చు. జెల్ పెన్ను అలుక్కుపోతుంది. మన అక్షరాలకి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి, ‘శాస్త్రాలు’ అని రాసి చూడు, తెలుస్తుంది. 12 మిల్లీమీటర్లలో అక్షరం ఒళ్ళు అయిదు దాటనివ్వకు. చీటీ ఆ రకం మొదటి పుస్తకం కిందకి, ఎడంపక్కకి రావాలి. అర మధ్యలో రకం మారితే అక్కడ ఇంకోటి.

పుస్తకాలు ఎరువు తీసుకెళ్ళేవాళ్ళ కోసం పొడుగాటి అట్టలు కొన్ని కోసి ఉంచు. ఎవరైనా పుస్తకం పట్టుకెళ్తే ఆ సందులో అట్ట నిలబెట్టి, పుస్తకం పేరు, మనిషి పేరు, తేదీ రాయి. పుస్తకాల కంటే రెండు వేళ్ళు పైకి కనిపించాలి. పెన్సిల్‌తోనే రాయి, పుస్తకం తిరిగొచ్చేక చెరిపి మళ్ళీ వాడుకోవచ్చు.

మీ మావయ్య,
విజయనగరం