బేస్ గిటారు తీగల గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. పాత బేస్ గిటారు ఒకటి చవకగా దొరికిందని, దానికి ఉన్న తీగలు నల్లబడి చప్పగా మోగుతున్నాయని, కర్నూలులో మీ చర్చి క్వయరుకు వాయించేందుకు కొత్త తీగలు వేయాలనుకుంటున్నావని రాశావు. ఏ కంపెనీవి కొనాలని మొట్టమొదట అడిగావు. ముప్పై ఏళ్లకు పైగా పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలలోనూ, వినాయక చవితి పందిళ్లలోనూ, ఆదివారాలు చర్చిలోనూ బేస్ వాయించిన అనుభవంతో చెబుతున్నాను, అది చిట్టచివర అడగవలసిన ప్రశ్న. నీ బేస్ ఏ చోట, ఎవరి పక్కన మోగాలో ముందు తేల్చుకుంటే తక్కినవి ఒక్కొక్కటిగా వాటంతట అవే తేలతాయి.

ఇంట్లో తలుపు వేసుకుని ఒంటరిగా వాయించుకున్నప్పుడు ఇంపుగా తోచే నాదం వేరు, డ్రమ్స్, కీబోర్డు, ఢోలక్, ముప్పై నలభై గొంతులు కలిసినప్పుడు నిలబడే నాదం వేరు. కొత్త ఉక్కు తీగలు ఇంట్లో ఖంగుమని పలుకుతుంటే ఎవరికైనా ముచ్చటగానే ఉంటుంది. అవే తీగలతో ఆదివారం ఆరాధనలో కూర్చున్నప్పుడు, ఆ ఖంగుమనే పైభాగమంతా కీబోర్డు కుడిచేతి స్వరాలలోనూ తాళాల మోతలోనూ కలిసిపోయి, వేళ్లు తీగ మీద జారినప్పుడు వచ్చే గీర చప్పుడు మాత్రం స్పీకరులో స్పష్టంగా మిగులుతుంది. రాతి గోడలు, ఎత్తైన కప్పు ఉన్న పాత చర్చిలలో ప్రతి చప్పుడూ కాసేపు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ బాధ ఇంకా ఎక్కువ.

తీగ ఎలా తయారవుతుందో తెలిస్తే నీ సందేహాలలో సగం తీరతాయి. నాలుగు తీగల బేస్‌లో లావుపాటి ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు, అన్నిటికంటే సన్నదైన జి తీగ 98 సార్లు కంపిస్తాయి. అంత మంద్రంగా పలకాలంటే తీగకు బరువుండాలి. ఆ బరువంతా ఒకే లావుపాటి ఉక్కు కడ్డీగా ఉంటే అది బిర్రబిగుసుకుని సరిగా వంగదు, పై స్వరాంశాలు శ్రుతి తప్పి వినబడతాయి. అందుకని లోపల సన్నని ఉక్కు తీగను ఉంచి, దానిమీద మరో తీగను పొరలుగా చుడతారు. లోపలిది బిగువును మోస్తుంది, పైచుట్టు బరువునిస్తుంది. మనం అంగట్లో తర్జనభర్జన పడేదంతా చాలావరకు ఆ పైచుట్టు గురించే.

చుట్టిన తీగ గుండ్రనిదైతే దానిని రౌండ్‌వౌండ్ అంటారు. వేలితో తడిమితే మర గాళ్లలాగా గరుకుగా తగులుతుంది, నాదం విచ్చుకుని పలుకుతుంది, స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది. చుట్టినది రిబ్బనులాగా బల్లపరుపుగా ఉంటే ఫ్లాట్‌వౌండ్. ఇది నున్నగా ఉంటుంది, వేళ్ల గీర దాదాపు వినిపించదు, నాదం గుండ్రంగా, కాస్త పొట్టిగా వచ్చి డ్రమ్ము దెబ్బతో కలిసి కూర్చుంటుంది. అమెరికాలో గిటార్లు తయారుచేసిన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే ఎలక్ట్రిక్ బేస్ తెచ్చిన తరువాత చాలా ఏళ్లు వాడుకలో ఉన్నవి ఈ ఫ్లాట్‌వౌండ్‌లే. 1966లో ఇంగ్లండులోని రోటోసౌండ్ కంపెనీ, ది హూ అనే రాక్ బృందపు బేసిస్టు జాన్ ఎంట్‌విసిల్‌తో కలిసి స్వింగ్ బేస్ అనే రౌండ్‌వౌండ్ తీగలను తీర్చిదిద్దాక గాలి ఇటు మళ్లింది. అమెరికాలోని మోటౌన్ రికార్డుల కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ మాత్రం లా బెల్లా కంపెనీ లావుపాటి ఫ్లాట్‌వౌండ్‌లే వాడాడు, తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదని ప్రసిద్ధి. దీన్నిబట్టి ఫ్లాట్‌వౌండ్ అంటే మెత్తని పాత పాటలకేనని అనుకుంటావేమో, అదీ నిజం కాదు. 2007లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బృందం కచేరీ జరిగింది కదా, ఆ బృందపు స్టీవ్ హ్యారిస్ వాయించేది ఫ్లాట్‌వౌండ్‌ల మీదే. కరుకుగా, గుర్రం డెక్కల్లాగా ఉరుకుతుంది ఆయన బేస్. తీగ సగం మాట్లాడితే వేళ్లు సగం మాట్లాడతాయి.

రౌండ్‌వౌండ్ తీగను పైన అరగదీసి నున్నగా చేసినదాన్ని హాఫ్‌వౌండ్ అంటారు. రెండింటికీ మధ్యస్థం, నాకు మాత్రం అది రెండూ కానట్టే అనిపిస్తుంది. నల్లని నైలాను పొర చుట్టిన టేప్‌వౌండ్ తీగలు కూడా ఉన్నాయి. లోపల ఉక్కు ఉంటుంది కాబట్టి గిటారులోని అయస్కాంతపు పికప్‌లు వాటినీ వింటాయి. ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా బిగించే లోహపు పట్టీలు, లేని బేస్‌కు అవి మేలు, ఎందుకంటే గరుకు తీగలు ఉత్త చెక్క మెడను కోసేస్తాయి. నీ గిటారుకు ఫ్రెట్లు ఉన్నాయి కనుక ఆ చింత లేదు.

లోహం సంగతి క్లుప్తంగా చెబుతాను. నికెల్ పూత పూసిన ఉక్కు మధ్యేమార్గం, ఎక్కువమంది వాడేది అదే. స్టెయిన్‌లెస్ స్టీలు మరింత తళుకుగా పలుకుతుంది, కానీ వేళ్లకు గరుకు, ఫ్రెట్లను త్వరగా అరగదీస్తుంది. అచ్చమైన నికెల్ చుట్టు మెత్తగా పలుకుతుంది, వెల ఎక్కువ.

ఇక లావు విషయం. పొట్లం మీద 45, 65, 85, 105 అని నాలుగు అంకెలు ఉంటాయి. అవి అంగుళంలో వెయ్యో వంతులలో తీగల మందం, అంటే 105 అన్నది సుమారు రెండున్నర మిల్లీమీటర్లు దాటిన తీగ. ఆడపిల్లవు, వేళ్లు చిన్నవి, సన్న తీగలే వేసుకోమని మీ క్వయరులో ఎవరో చెప్పారని రాశావు. ఆ మాట నేను ఒప్పుకోను. 45-105 సెట్టు మామూలు శ్రుతిలో ఉన్నప్పుడు నాలుగు తీగలూ కలిసి గిటారు మెడను దాదాపు 80 కిలోల బిగువుతో లాగుతుంటాయి. దాని బదులు 40-95 వేస్తే ఆ బిగువు ఇంచుమించు అయిదో వంతు తగ్గుతుంది, నిజమే. కానీ సడలిన తీగ గట్టిగా మీటినప్పుడు ఎక్కువ ఊగి ఫ్రెట్లకు తగిలి చిటపటమంటుంది, ఇ తీగ నాదం పలచబడుతుంది, పైగా నేర్చుకునే రోజుల్లో కుడిచేయి ఎంత బలంగా మీటాలో తెలియకుండా పోతుంది. నొక్కడానికి కష్టంగా ఉండే బేస్‌లలో చాలావాటికి తప్పు తీగల లావులో ఉండదు, ఫ్రెట్ల మీద తీగల ఎత్తులో ఉంటుంది. నేను ఇరవై రెండేళ్ల వయసులో మగతనం చూపించుకోవడానికి 50-110 సెట్టు వేసి, మెడ ముందుకు వంగిపోయి తీగలు పైకి లేచిన సంగతి గుర్తించక, నాలుగు నెలలు మణికట్టు నొప్పితో వాయించాను. తరువాత తెలిసినవాడొకడు మెడ వంపును సరిచేసేందుకు లోపల ఉండే ట్రస్‌రాడ్ అనే కడ్డీని పావు చుట్టు బిగించగానే అదే సెట్టు వెన్నలాగా అయింది. కాబట్టి తీగలు మార్చే ముందు ఒకసారి గిటారు సర్దేవాళ్లకు చూపించు.

అంకె ఒక్కటే బిగువును చెప్పదని కూడా గుర్తుంచుకో. ఒకే లావున్న ఫ్లాట్‌వౌండ్ సాధారణంగా రౌండ్‌వౌండ్ కంటే బిర్రుగా ఉంటుంది, అయితే వియన్నాలోని థామాస్టిక్-ఇన్‌ఫెల్డ్ వాళ్ల ఫ్లాట్‌వౌండ్‌లు అందుకు పూర్తిగా విరుద్ధం, ముట్టుకుంటేనే ఊగేంత మెత్తన. కొన్ని కంపెనీలు ఒక్కో తీగ బిగువు ఎంతో పొట్లం మీదనో తమ సైటులోనో అచ్చు వేస్తాయి, దాన్ని చూసి పోల్చుకోవచ్చు. మీ పాటల నాయకుడు గొంతుకు అనువుగా ఉండాలని వాద్యాలన్నీ అర స్వరం దించమంటాడేమో కూడా అడిగి తెలుసుకో. అర స్వరం దించితే బిగువు పదకొండు శాతం, పూర్తి స్వరం దించితే అయిదో వంతు తగ్గుతుంది. ఎప్పుడూ దించే వాయించేటట్లయితే సన్న సెట్టు అసలు పనికిరాదు.

అన్నిటికంటే ముఖ్యమై, అందరూ మరిచిపోయేది పొడవు. తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీని నట్టు అంటారు, ఆ నట్టు నుంచి పన్నెండో ఫ్రెట్టు దాకా టేపుతో కొలిచి రెట్టింపు చెయ్యి. 34 అంగుళాలు వస్తే లాంగ్ స్కేల్, 30 వస్తే షార్ట్ స్కేల్, 32 వస్తే మీడియం. పొట్లం మీద ఆ మాట ఉంటుంది. నేనొకసారి బెంగళూరులో తొందరలో, బస్సు వేళయిందని, చదవకుండా షార్ట్ స్కేల్ సెట్టు కొనుక్కొచ్చాను. ఆ రాత్రి పెళ్లిలో బిగిస్తే లావు భాగం నట్టు దాకా రాక, సన్నబడిన చివర నట్టు మీద పడి, ఇ తీగ శ్రుతి ఒక్క పాట సేపు కూడా నిలవలేదు. దుకాణం వాళ్లను అనడానికి లేదు, పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది. తీగలను గిటారు వెనక వైపు నుంచి రంధ్రాలలో దూర్చే రకమైతే ఇంకాస్త పొడవు అవసరం, అది కూడా చూసుకో.

బిగించేటప్పుడు నాలుగు తీగలూ ఒకేసారి విప్పకుండా ఒకటి తీసి ఒకటి వేస్తే మెడ మీద బిగువు ఒక్కసారిగా పోదు. శ్రుతి కీ దాటి నాలుగైదు అంగుళాలు వదిలి, ముందు తీగను లంబంగా మడిచి, ఆ తరువాతే మడత అవతల కత్తిరించాలి. మడవకుండా కత్తిరిస్తే కొన్ని తీగల చుట్టు, ముఖ్యంగా ఫ్లాట్‌వౌండ్‌లది, లోపలి తీగ మీద వదులై జారి నాదం చచ్చిపోతుంది. కీకి రెండు మూడు చుట్లు కిందికి దిగేటట్టు రానివ్వు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తీగ వంగే చోట వేలితో మెల్లగా నొక్కు. తీగల రకం గాని లావు గాని మార్చినప్పుడు మెడ వంపును, పన్నెండో ఫ్రెట్టు దగ్గర శ్రుతిని మళ్లీ సరిచూడక తప్పదు. అందుకే నెలకో రకం మార్చి చూసే సరదా వద్దంటాను. నీ చెవి కుదుటపడదు, గిటారూ కుదుటపడదు.

మన సీమ గాలి పొడి. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లకు తీగలు గాలికే తుప్పు పడతాయి, మనకు పాడయ్యేది చెమటతోనూ దుమ్ముతోనూ. మేలో నలభై డిగ్రీలు దాటిన సాయంత్రం రెండు గంటలు వాయిస్తే వేళ్ల చెమటలోని ఉప్పు, చర్మపు జిడ్డు రౌండ్‌వౌండ్ గాళ్లలో చేరి, కొద్ది వారాలలోనే మోత మందగిస్తుంది. పాత పంచె ముక్క ఒకటి కేసులో పెట్టుకుని, వాయించడం అయిన ప్రతిసారీ తీగల పైనా కిందా తుడువు. పాడైన తీగలను నీళ్లలో ఉడకబెడితే మళ్లీ మోగుతాయన్న మాట నిజమే, కుర్రతనంలో డబ్బులేని రోజుల్లో మేమూ వంటింటి గిన్నెలో ఉడికించాం, కానీ ఆ మోత నాలుగు రోజుల ముచ్చట, తడి లోపల నిలిస్తే తుప్పు అదనం. చెమట మరీ ఎక్కువ పట్టేవాళ్లకు ఎలిక్సిర్ వంటి సన్నని పొర పూసిన తీగలు ఎక్కువ కాలం నిలుస్తాయి, వెల కూడా ఎక్కువే. ఫ్లాట్‌వౌండ్‌లకు గాళ్లు ఉండవు కనుక అవి ఏళ్ల తరబడి నిలుస్తాయి.

నా మనసు ఫ్లాట్‌వౌండ్ వైపే. మీ చర్చి, మీ కీర్తనలు, ఆ రాతి గోడలు చూస్తే అవే సరిపోతాయి. అయినా ఇప్పుడు నీకు అవి వద్దు. నికెల్ పూత రౌండ్‌వౌండ్, 45-105, అది మొదటి సెట్టుగా వెయ్యి. ఫ్లాట్‌వౌండ్‌లు వేళ్ల తప్పులను దాస్తాయి. ఎడమచేతి వేలు పూర్తిగా లేవకుండా జరిగినా, పక్క తీగ ఆపకుండా వదిలేసినా బయటికి వినపడదు. గరుకు తీగ అన్నీ పట్టిస్తుంది. పైగా రౌండ్‌వౌండ్ మెరుపు ఎక్కువైందనిపిస్తే గిటారు మీది టోన్ నాబ్‌ను సగానికి తిప్పి తగ్గించుకోవచ్చు, చేతిని బ్రిడ్జి నుంచి మెడ వైపు జరిపి మీటవచ్చు. ఫ్లాట్‌వౌండ్‌లో లేని మెరుపును ఏ నాబ్ తిప్పినా తేలేవు. ఆరేడు నెలలు ఇలా వాయించాక కూడా ఆదివారాలు ఆ గీర చప్పుడే నీకు అడ్డం వస్తుంటే, అప్పుడు ఫ్లాట్‌వౌండ్‌లకు మారుదాం.

ఇక కంపెనీ. డాడారియో, రోటోసౌండ్, ఎర్నీ బాల్, లా బెల్లా, ఏది తీసుకున్నా పైన చెప్పినవి సరిచూసుకుంటే మోసపోవు. కాకపోతే పేరున్న సెట్టు మరీ సగం ధరకు దొరికితే, అచ్చు మసగ్గా ఉంటే నకిలీ అని అనుమానించు, నకిలీ తీగలు విరివిగానే తిరుగుతున్నాయి.

వచ్చే నెల నేను బెంగళూరు వెళ్తున్నాను, అక్కడి నుంచి నీకు తీగలు తెస్తాను. ఈలోగా పన్నెండో ఫ్రెట్టు దాకా కొలత, బాడీ వెనక రంధ్రాలు ఉన్నాయో లేవో, ఇప్పుడున్న తీగలు తాకితే గరుకో నునుపో రాసి పంపు. పాత తీగలు నేను వచ్చేదాకా విప్పకు. విప్పాక కూడా వాటిలో తెగనివాటిని చుట్ట చుట్టి కేసులో ఉంచు, ఆదివారం ఉదయం జి తీగ తెగితే నీకు దిక్కు అదే.

ఇట్లు,
మీ మామయ్య