గోడ లేవకముందే చూసుకోవాల్సింది

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

అమలాపురంలో ఇల్లు మొదలెడుతున్నావని మీ నాన్న చెప్పగానే కడుపు నిండిపోయింది. వెంటనే కంగారూ పట్టుకుంది. మన కోనసీమలో వానాకాలం నీళ్లు పైపైనే ఉంటాయి. ఇటుక ఆ చెమ్మను పీల్చి పైకి ఎక్కిస్తుంది.

ఫుటింగులు, పిల్లర్లు ఇంజనీరు చూసుకుంటాడు. బేస్‌మెంట్‌లో మట్టి అరడుగు మందం చొప్పున పోయించి, తడిపి, దిమ్మిస కొట్టించు. చెదమందు క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అయితే లీటరుకు 19 లీటర్ల నీళ్లు కలిపి, చదరపు మీటరుకు 5 లీటర్లు చల్లాలి. వాన పడే రోజు వద్దు. బోరులో ఉప్పునీళ్లు పడితే వాటితో కాంక్రీటు కలపనివ్వకు.

ఇక డీపీసీ (డ్యాంప్ ప్రూఫ్ కోర్స్), అంటే నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా గోడ కింద అడ్డంగా వేసే పొర. "బేస్‌మెంట్ మీద గోడల కింద ప్లింత్ బీమ్ (కాంక్రీటు దూలం) ఉందిగా, మళ్లీ ఇదెందుకు" అంటాడు మేస్త్రీ. నువ్వేమో చిన్నప్పటి నుంచీ మొహమాటస్తుడివి, తలూపేస్తావు. ఊపకు! సిమెంటు, ఇసుక, సన్న చిప్స్ 1:2:4 పాళ్లలో కలిపిన కాంక్రీటు, ఒకటిన్నర అంగుళం మందం, లోపలి గోడల కింద కూడా వేయించు. వాటర్‌ప్రూఫింగ్ మందు ఎంత కలపాలో డబ్బా మీద ఉంటుంది. వారం తడిపి, బాగా ఆరాక వేడి తారు రెండు పూతలు. ఈ డీపీసీ బయటి నేల కంటే కనీసం అరడుగు ఎత్తులో ఉండాలి. రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతుంది కాబట్టి నువ్వు రెండడుగులు పెట్టుకో.

ఇంత చేసీ చాలామంది ఒక్కచోట చెడగొట్టుకుంటారు. బయటి ప్లాస్టరింగ్‌ను నేల నుంచి పైదాకా ఏకంగా లాగేస్తారు. ఇటుకలో ఆగిన చెమ్మ ఆ ప్లాస్టర్‌లోంచి డీపీసీని దాటి పైకెక్కుతుంది. తాతగారి వంటింటి గోడ గుర్తుందా? గోరుతో గీస్తే తెల్లటి పొడి రాలేది. అది నేలలోని ఉప్పు. నీళ్లు ఆరిపోయి ఉప్పు గోడలో గడ్డకడితే పెచ్చులు ఊడతాయి. మీద పుట్టీ పెట్టినా, టైల్స్ అతికించినా చెమ్మ ఆగదు, టైల్స్ దాటి వాటికి పైనున్న గోడలో తేలుతుంది. అందుకే ప్లాస్టర్‌ను డీపీసీ దగ్గర ఆపించి, అరంగుళం గాడి వదిలించు. కింది భాగం విడిగా చేయించు. గాడిని సిమెంటుతో పూడ్చనివ్వకు. లోపల ఫ్లోరింగ్ బెడ్ (నేల కింద వేసే కాంక్రీటు) కింద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు పరిచి, అంచుల్ని గోడ వెంట డీపీసీ దాకా మడిపించు. జాయింట్ల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. తర్వాత కోడలు గోడ వారగా పూలమొక్కలు పెట్టాలంటే పెట్టుకోనీ, మట్టి మాత్రం ఆ గాడిని తాకకూడదు.

తారు పూత అవ్వగానే ఫోన్ చెయ్యి నాన్నా. ఇటుక పెట్టకముందు నేనొచ్చి చూస్తాను.

మీ పెదనాన్న