సార్జెంటు చేతిలోంచి తుపాకీ తీసెయ్

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో మొదలుపెట్టి, కళ్లు మంటెత్తి ఆపేశాను. తర్వాత ప్రింటు తీయించుకుని పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. జర్మనీలో పాడర్‌బార్న్‌లో చదువుకుంటూ, రోజూ ఆ బ్రిటిష్ బ్యారక్స్ గోడ పక్క నుంచి బస్సులో వెళ్తూ, "వీటిల్లో ఎవరుండేవాళ్లో" అనుకున్నావు చూడు, అది నాకు నచ్చింది. కానీ జవాబు మాత్రం సినిమాల్లోంచి తెచ్చుకున్నావు తల్లీ.

నీ సార్జెంటు 1961లో లారీల కంపెనీలో ఉన్నాడు. మొదటి పేజీలో తుపాకీ తుడుస్తాడు. రెండో పేజీలో తూర్పు సరిహద్దు వైపు చూసి నిట్టూరుస్తాడు. మూడో పేజీలో జర్మన్ అమ్మాయి. మరి లారీ ఏది? గోళ్ల కింద పేరుకున్న గ్రీజు ఏది? పదకొండు పేజీల్లో ఒక్కడు కూడా టీ తాగలేదు. బ్రిటిష్ సైన్యం గురించి రాస్తూ!

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. బ్రిటిష్ ఆర్మీ ఆఫ్ ది రైన్ అనే పేరుతో 1945 నుంచి 1994 దాకా వాళ్లు జర్మనీలో ఉన్నారు. కోల్డ్ వార్ రోజుల్లో 50 వేల మందికి పైనే. ఏ యుద్ధం కోసం కూర్చున్నారో ఆ యుద్ధం రానేలేదు. రాని యుద్ధానికి రోజూ బూట్లు పాలిష్ చేసుకోవడం, సామాను లెక్కపెట్టుకోవడం, సాయంత్రమయ్యేసరికి ఏం చేయాలో తోచకపోవడం, అదీ వాళ్ల జీవితం. నీ కథ అక్కడుంది.

మా నాన్న సికింద్రాబాద్ ఈఎంఈలో, అంటే మన సైన్యం బళ్లు, యంత్రాలు బాగుచేసే విభాగంలో, స్టోర్ కీపర్‌గా చేశారు. ఈఎంఈకి, అదే పని చేసే బ్రిటిష్ వాళ్ల రీమీకి ఏడాదే తేడా. రీమీ 1942లో పుడితే ఈఎంఈ 1943లో. అలవాట్లన్నీ అక్కడి నుంచి వచ్చినవే. పాత బల్బు చూపిస్తేనే కొత్త బల్బు. బల్బు పగిలితే పగిలిన ముక్కలు చూపించాలి. ఆ పద్ధతి నాన్నకి ఎంత ఒంటబట్టిందంటే, ఇంట్లో చీపురు అరిగిపోయినా అమ్మ దాన్ని తెచ్చి ఎదురుగా పెడితే తప్ప కొత్తది కొనేవారు కాదు. అమ్మ తిట్టుకునేది. నాకది పాతికేళ్ల తర్వాత కథయింది. నాన్న ఎప్పుడూ తుపాకీ పట్టుకోలేదు, అయినా ఆయన నడకలో సైన్యం ఉండేది.

గోదాము వాళ్లంటే, వంటవాళ్లంటే, లారీల వాళ్లంటే ముందువరసలో పోరాడేవాళ్లకి కాస్త చిన్నచూపు. సామాన్ల గోదాములు చూసే ఆర్డ్‌నెన్స్ వాళ్లని "దుప్పట్లు పేర్చేవాళ్లు" అనేవాళ్లు. వంటవాళ్ల విభాగం ఆర్మీ కేటరింగ్ కోర్‌కి ఏ, సీ, సీ అని మూడు పొడి అక్షరాలున్నాయి కదా, వాటిని పట్టుకుని "ఆండీ క్యాప్స్ కమాండోస్" అన్నారు. ఆండీ క్యాప్ అంటే పేపర్లో వచ్చే బొమ్మల కథలో పనీపాటా లేని తాగుబోతు. పొద్దున అదే వంటవాడి దగ్గర వరసలో నిలబడాలి, రాత్రికి అతన్ని వెక్కిరించాలి. నీ సార్జెంటుకి ఈ మాట ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. ఎక్కడ తగిలిందో నువ్వు కనిపెట్టు.

తిండి రాయాలంటే ఎగ్ బాంజో నుంచి మొదలుపెట్టు. రెండు బ్రెడ్ ముక్కల మధ్య వేడివేడి గుడ్డు, పచ్చసొన ఇంకా కారుతూ. ఒక కొరుకు కొరికితే సొన షర్టు మీద పడుతుంది. వెంటనే వాడు శాండ్‌విచ్ ఉన్న చేతిని చెవి దాకా ఎత్తి, రెండో చేత్తో ఛాతీ మీద గబగబా తుడుచుకుంటాడు. దూరం నుంచి చూస్తే బాంజో వాయిస్తున్నట్టే ఉంటుంది. అందుకే ఆ పేరొచ్చిందంటారు. నువ్వు మూడు పేరాల్లో అతని ఒంటరితనం వర్ణించావు. చలిలో, లారీ చక్రం పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా యూనిఫాం తుడుచుకునే సార్జెంటుని ఒక్కసారి చూపించు చాలు.

వినోదం గురించి కూడా చెప్తాను, ఎందుకంటే నీ కథలో అది బార్‌లో తాగుడు దగ్గరే ఆగిపోయింది. సైన్యంలో సరదా కూడా ఆర్డరు ప్రకారమే నడుస్తుంది. 1921లో పెట్టిన నాఫీ సంస్థ క్యాంటీన్లు, దుకాణాలు నడిపేది. ఆర్మీ సినిమా హాళ్లుండేవి. డబ్బులు పెట్టి ఆడే ఆటల్లో పాత రోజుల నుంచి అధికారికంగా ఒప్పుకున్నది ఒక్కటే, హౌసీ. మన తంబోలానే! మా పెళ్లిళ్లలో, హైదరాబాద్ కిట్టీ పార్టీల్లో "టూ ఫ్యాట్ లేడీస్, ఎయిటీ ఎయిట్" అని అరిచే పిన్నులకి తెలియదు, తాము బ్రిటిష్ సిపాయిల గొంతుతో అరుస్తున్నామని. తొమ్మిది పడితే "డాక్టర్స్ ఆర్డర్స్" అంటారు. సైన్యంలో డాక్టర్లు ఏ రోగానికైనా ఇచ్చే తొమ్మిదో నంబరు మాత్ర అది. మాత్ర దేనికంటే, విరేచనానికి. మా పిన్నికి ఈ సంగతి చెప్పాక ఆవిడ తొమ్మిది పిలవడం మానేసింది.

పెళ్లయినవాళ్ల ఇళ్లు నువ్వు అసలు ముట్టుకోలేదు. అదొక పెద్ద గని. ఇల్లిచ్చేటప్పుడు చెంచాలు, ప్లేట్లు, దుప్పట్లతో సహా జాబితా రాసి ఇచ్చేవాళ్లు. బదిలీ అయితే అదే జాబితా పట్టుకుని అప్పగించాలి. ఇల్లు ఖాళీ చేయడానికి కూడా వాళ్ల భాషలో "మార్చ్ అవుట్" అని పేరు. భార్య మోకాళ్ల మీద కూర్చుని రోజుల తరబడి ఓవెన్ తోముతుంది. పిల్లల్ని వంటగదిలోకి రానివ్వదు. తనిఖీకి వచ్చినవాడు తలుపు చట్రం పైన వేలు రాసి, ఆ వేలిని వెలుతురులో తిప్పి చూస్తాడు. ఆ వేలు కిందికి దిగేదాకా ఆవిడ ఊపిరి పీల్చదు. సామాన్లు చెక్కపెట్టెల్లో మేకులు కొట్టి ఉంటాయి. రెండేళ్ల ఇల్లు అరగంటలో ఎవరిదో అయిపోతుంది. నేనైతే నీ కథలో జర్మన్ అమ్మాయిని తీసేసి, ఈ భార్యని పెడతాను. నీకు ఇష్టమైతేనే.

రేడియో మర్చిపోకు. ఆదివారం మధ్యాహ్నం ఇంగ్లండ్‌లో ఇళ్లల్లో మాంసం ఉడుకుతూ ఉంటే, జర్మనీలో ఉన్న కొడుకు కోసం తల్లి అడిగిన పాట రెండు దేశాల్లోనూ ఒకేసారి వినిపించేది. హాంబర్గ్‌లో క్లిఫ్ మైకెల్‌మోర్, లండన్‌లో జీన్ మెట్‌కాఫ్. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా నెలల తరబడి లైన్లో మాట్లాడుకుంటూ కార్యక్రమం నడిపారు. 1950లో పెళ్లి చేసుకున్నారు. ఇది నిజంగా జరిగింది, కాబట్టి కథలో వాడకు. ఎవరూ నమ్మరు.

నీ సార్జెంటుకి 36 ఏళ్లన్నావు. అంటే 1946లో 21. అప్పుడు అతనెక్కడున్నాడో ఆలోచించావా? ఆ రోజుల్లో జర్మనీలో సిగరెట్టే డబ్బు. 1948 జూన్‌లో కొత్త మార్కు నోట్లు వచ్చేదాకా సిగరెట్లకి కెమెరాలు, పియానోలు చేతులు మారాయి. ఈ బ్లాక్ మార్కెట్ ఆపడానికే 1946లో సైన్యం తమవాళ్లకి వేరే కాగితపు వోచర్లు ఇచ్చింది. శిథిలమైన ఊళ్లో, ఆకలితో ఉన్న జనం మధ్యలో, సిగరెట్ పెట్టెల గోదాముకి తాళంచెవి 21 ఏళ్ల కుర్రాడి దగ్గరుంది. అతను ఏదైనా తీసుకున్నాడా? తీసుకోలేదా? తీసుకోకపోతే, బయట నిలబడ్డ ముసలమ్మకి ఏం చెప్పాడు? నువ్వు సరిహద్దు వైపు నిట్టూర్పు రాసిన చోట ఇది ఉండాల్సింది.

ఉత్కంఠ కావాలంటావా, బెర్లిన్ రైలు ఉంది. 1945 నుంచి 1991 దాకా పశ్చిమ జర్మనీ నుంచి పశ్చిమ బెర్లిన్‌కి బ్రిటిష్ మిలిటరీ రైలు నడిచింది. దారంతా తూర్పు జర్మనీ. తలుపులకి తాళాలు. డైనింగ్ కారులో తెల్ల గుడ్డ పరిచి భోజనం వడ్డిస్తుంటే, కిటికీ అవతల ముళ్లకంచెలు. సరిహద్దు స్టేషన్ మారియెన్‌బార్న్‌లో రైలు ఆగగానే బ్రిటిష్ ఆఫీసరు, దుబాసీ దిగి, సోవియట్ ఆఫీసరుకి అందరి కాగితాలూ అందించాలి. కాగితంలో ఒక్క అక్షరం తప్పు పడినా ప్రయాణం ఆగిపోవచ్చు. మరి ఆ కాగితం టైపు చేసిందెవరు? ఎక్కడో ఆఫీసులో, శుక్రవారం సాయంత్రం సినిమాకి టైమైపోతోందని తొందరపడుతున్న గుమాస్తా. రైల్లో కూర్చున్నవాళ్లు కాదు, నాకు వాడు కావాలి.

ఇంకొకరున్నారు, వాళ్ల గురించి కథలు రావడం నేను చూడలేదు. యుద్ధం తర్వాత సొంత దేశానికి వెళ్లలేకపోయిన పోలండ్, యుగోస్లావియా, బాల్టిక్ దేశాల మనుషులు. వాళ్లలో చాలామందిని బ్రిటిష్ సైన్యం పనిలో పెట్టుకుంది. ట్యాంకులు మోసే పెద్ద పెద్ద లారీలు నడుపుతూ అక్కడే ముసలివాళ్లయిపోయారు. మిగతా డ్రైవర్లంతా సెలవులకి ఇంటికెళ్తుంటే వీళ్లు ఎక్కడికెళ్లేవాళ్లు? నీకూ క్రిస్మస్ సెలవుల్లో హాస్టల్ ఖాళీ అయిపోతుంది కదా. ఈ ప్రశ్న నాకంటే నీకే బాగా తెలుసు.

ఒక పని చెయ్. మీ ఊళ్లో బ్రిటిష్ వాళ్ల దగ్గర పనిచేసిన జర్మన్ పెద్దవాళ్లు ఇంకా ఉంటారు, క్యాంటీన్లోనో వర్క్‌షాపులోనో. ఒకరిని పట్టుకో. యుద్ధం గురించి అడగొద్దు. జీతం ఏ రోజు ఇచ్చేవాళ్లు, టీకి ఎన్ని గంటలకి వదిలేవాళ్లు, క్రిస్మస్‌కి ఏమిచ్చారు, ఇవి అడుగు. రికార్డర్ పెట్టకు, బెదిరిపోతారు. ఇంటికొచ్చాక రాసుకో.

రెండో ప్రతి దసరాలోపు పంపు. ఆలస్యమైతే పరవాలేదు, టెన్షన్ పడకు.

ఇట్లు,
నీ మాస్టారు

తా.క.: నీ సార్జెంటు టోపీ మీద రాయల్ కోర్ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ బ్యాడ్జీ పెట్టావు. ఆ కోర్ పుట్టిందే 1965లో. 1961లో అతను రాయల్ ఆర్మీ సర్వీస్ కోర్ మనిషి. బ్యాడ్జీ మార్చు.