బడి చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన పేజీలన్నీ శ్రద్ధగా చదివాను. విశాఖ పాతపట్నంలో నువ్వు చదివిన సెయింట్ అలోషియస్ బడి చరిత్రని పుస్తకంగా తేవాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. 1847లో పెట్టిన బడి అది. తెలుగునాట అంత పాత ఇంగ్లీషు బళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని కూడా ఉండవు. అలాంటి బడి గురించి అక్కడ చదువుకున్నవాడే తెలుగులో రాయడం ఎప్పుడో జరగాల్సిన పని. నువ్వు పూనుకున్నావు గనక మొహమాటం లేకుండా చెబుతాను.

మొదటి పేజీ తీసెయ్. ‘ఎందరో విద్యార్థుల జీవితాల్లో జ్ఞానజ్యోతులు వెలిగించిన సరస్వతీ నిలయం’ అని మొదలుపెట్టావు. అందులో మీ బడి పేరు చెరిపి ఏ ఊరి బడి పేరు పెట్టినా వాక్యం అలాగే చెల్లుతుంది. అక్కణ్ణుంచి ఏడు పేజీలు ప్రిన్సిపాళ్ల వరస. ఫలానా ఫాదరు ఫలానా సంవత్సరం వచ్చారు, ఫలానా బ్లాకు కట్టించారు, బదిలీ అయ్యారు. ఆ పట్టిక కావలసిందే, శ్రమపడి సేకరించావు కూడా. దాన్ని పుస్తకం చివర అనుబంధంగా వేసుకో. కథ నడవాల్సింది దాని మీద కాదు.

నన్నడిగితే మీ బడి చరిత్రకంతటికీ ఆధారమైన ప్రశ్న ఒక్కటే. ఈ బడి ఎవరి పిల్లల కోసం పెట్టారు, ఆ తర్వాత ఎవరి పిల్లలు వచ్చారు, వాళ్లు వచ్చాక లోపల ఏం మారింది? ప్రతి అధ్యాయం దీనికి ఎంతో కొంత జవాబు చెప్పాలి. చెప్పని అధ్యాయం ఎంత బాగా రాసినా పక్కన పెట్టెయ్.

మొదలు నుంచీ చూద్దాం. ‘ఫ్రెంచి మిషనరీలు స్థాపించారు’ అని రాశావు. అందరూ అలాగే అంటారు. కానీ సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన ఆ ఫాదర్లు ఆన్సీ నుంచి వచ్చారు. ఆన్సీ సవాయ్ ప్రాంతంలోది. ఆ ప్రాంతం ఫ్రాన్సులో కలిసింది 1860లో. వీళ్లు విశాఖ చేరిన 1846లో అది సార్డీనియా రాజు ఏలుబడిలో ఉంది. మాట్లాడే భాష ఫ్రెంచి, ఊరు ఆల్ప్స్ కొండల కింద, రాజు సార్డీనియా రాజు, వచ్చి చేరింది ఇంగ్లీషు కుంపిణీ ఏలుతున్న తెలుగు రేవుకి. ఆ ఇంగ్లీషు బడిలో మొదటి ఇంగ్లీషు పాఠం ఎవరు చెప్పారు? ఆ ఫాదర్లకి ఎంత ఇంగ్లీషు వచ్చు? తెలుగు ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ‘ఫ్రెంచి మిషనరీలు’ అని ఒక్కముక్కలో తేల్చేస్తే ఈ ప్రశ్నలు నీకు తట్టవు.

ఆ సభకి 1838లో ఆన్సీలో ప్రాణం పోసినవారు ఫాదర్ పీటర్ మెర్మియే. ఫ్రాన్సిస్ డి సేల్స్ గురించి నీకు ఇంకో సంగతి చెప్పాలి. ఆయన జెనీవా బిషప్పు. గుడికి రాని జనం కోసం కరపత్రాలు రాసి, తలుపుల కింద నుంచి ఇళ్లలోకి తోసేవాడు. 1923లో పోపు పదకొండో పియుస్ ఆయన్ని రచయితలకీ పత్రికలవాళ్లకీ పాలక పునీతుడిగా (వాళ్లని కాచే సెయింటుగా) ప్రకటించారు. అంటే మీ బడి పెట్టినవాళ్లు రచయితల పునీతుడి పేరు పెట్టుకున్నవాళ్లు. ఈ విషయం నీ పుస్తకంలో ఎక్కడా లేదు. నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారు?

మరి బడికి ఆ పేరే పెట్టలేదేం? అలోషియస్ గొంజాగా జెస్విట్, అంటే యేసు సభ అనే వేరే క్యాథలిక్ సభవాడు. మీ ఫాదర్లు జెస్విట్లు కారు. అయినా ఆయన్నే ఎంచుకున్నారు. ఇటలీలో జమీందారీ లాంటి సంస్థానానికి వారసుడై పుట్టి, హక్కుని తమ్ముడికి వదిలేసి, సన్యసించి, రోములో మహమ్మారి రోగులకు సేవ చేస్తూ ఆ జబ్బే అంటుకుని 1591 జూన్ 21న పోయాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు. చదువుకునే కుర్రాళ్లకు ఆయన్ని పాలకుడిగా చర్చి నిలిపింది, అందుకే లోకమంతా మగపిల్లల బళ్లకి ఆ పేరు కనిపిస్తుంది. ఆ పండుగ జూన్ 21న రావడం వల్ల ఇప్పటి లెక్కలో బడి తెరిచిన కొత్తలోనే పడుతుంది. కొత్తగా చేరిన పిల్లాడు బళ్లో చూసే మొదటి వేడుక అదే అవుతుంది. హార్బర్ పక్క పేటలోంచి వచ్చిన పదేళ్ల పిల్లాడికి ఆ రోజు ఎలా అనిపించేదో, ఆ పటం ముందు ఏం పాడించేవారో, తినడానికి ఏం పంచేవారో రాయి. ‘పండుగ ఘనంగా జరిగేది’ అని నువ్వు రాసిన వాక్యంలో ఇవేవీ లేవు.

ఇక అసలు గనికి వస్తున్నాను. అడ్మిషన్ రిజిస్టర్లు. వాటిని నువ్వు పేరుపొందిన పూర్వ విద్యార్థుల కోసం మాత్రమే తిరగేసినట్టున్నావు. అలా చెయ్యకు. ఒక్కో పదేళ్లకి ఒక్కో సంవత్సరం తీసుకుని ఆ ఏడాది చేరినవాళ్లందర్నీ వరసగా నోట్ చేసుకో. పేరు, తండ్రి వృత్తి, మతం, కులం, ఉండే పేట, ఇదివరకు చదివిన బడి, మానేసిన తేదీ, మానడానికి కారణం. పాత బళ్ల రిజిస్టర్లు చూసే అలవాటు నాకుంది, అందుకే చెబుతున్నాను. తండ్రి వృత్తి గడి ఒక్కటే కిందదాకా చదువుకుంటూ వెళితే ఊరు మారిన తీరంతా కనిపిస్తుంది. కుంపిణీ సైన్యంలో ఐరిష్ క్యాథలిక్కులు బాగా ఉండేవారు. సోల్జర్‌పేట పేరు మీ పాతపట్నంలో ఇప్పటికీ ఉంది కదా. 1890లలో రైలొచ్చింది. డ్రైవర్లు, గార్డులు, ఫోర్‌మన్లు, వాళ్ల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చాయి. 1933లో హార్బర్ తెరిచారు. గుమస్తాలు, కాంట్రాక్టర్లు, పడవలవాళ్లు వచ్చి చేరారు. వీళ్ల పిల్లలు ఏ సంవత్సరం నుంచి ఆ గడిలో కనిపిస్తారు? జాలరిపేట పిల్లాడు మొదటిసారి ఎప్పుడు? చాకలి, మంగలి, మాల, మాదిగ ఇళ్ల పిల్లలు ఎప్పుడు? ఎన్నో తరగతిలో మానేశారు? బడి తనగురించి తను చెప్పుకునే మాటకీ ఆ గడిలో ఉన్న మాటకీ తేడా ఉంటే, ఆ తేడాని దాచకుండా రాయి. ఫాదర్లు నొచ్చుకుంటారేమోనని వెనకాడకు. రిజిస్టరు దాచి ఉంచింది వాళ్లే.

ఇక్కడే రాజ్యాంగం గురించి ఒక పేజీ కావాలి. మీ బడి ఆంగ్లో ఇండియన్ స్కూలు. రాజ్యాంగం 337వ అధికరణం ప్రకారం ఆ బళ్లకు అప్పటిదాకా వస్తున్న ప్రభుత్వ గ్రాంటు మొదటి మూడేళ్లు అలాగే ఇచ్చి, తర్వాత మూడేళ్లకోసారి నూటికి పది చొప్పున తగ్గించే వీలు కల్పించి, పదేళ్లకి పూర్తిగా ఆపెయ్యాలని ఉంది. ఆ గ్రాంటు కావాలంటే ఏటా చేర్చుకునే సీట్లలో కనీసం నూటికి నలభై ఇతర వర్గాల పిల్లలకి ఇవ్వాలి. అదే కాలంలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఇంగ్లండుకీ ఆస్ట్రేలియాకీ వెళ్లిపోయాయి. గ్రాంటు కరిగింది, పాత పిల్లలు తగ్గారు, కొత్త పిల్లలు వచ్చారు. ‘స్వాతంత్ర్యానంతరం బడి అందరికీ తలుపులు తెరిచింది’ అని నువ్వు ఉదారంగా రాసేశావు. ఆ తలుపు ఎలా తెరుచుకుందో, ఫీజులు ఎప్పుడెప్పుడు పెరిగాయో, 1950 నుంచి 1960 దాకా రిజిస్టర్లు పక్కన పెట్టుకుని చెప్పు. నీ పుస్తకంలో బరువైన అధ్యాయం అదే కావాలి.

నువ్వు నాలుగు మాటల్లో దాటేసినా నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఒకటుంది. బెల్లు కొట్టగానే క్యాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే తమ మతపాఠానికి, ఒక గదిలోకీ, మిగతావాళ్లు మోరల్ సైన్సుకి ఇంకో గదిలోకీ వెళ్లేవారన్నావు. క్యాథలిక్ బళ్లన్నిట్లోనూ ఉన్న అలవాటే ఇది. కానీ దానికో కారణం ఉంది. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో మైనరు పిల్లాణ్ణి సంరక్షకుడి సమ్మతి లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. ఆ అరగంటలో ఒక క్లాసు రెండుగా విడిపోయి మళ్లీ కలిసేది. కలిసినప్పుడు ఏం మాట్లాడుకునేవారు? అసెంబ్లీలో ‘పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ’ అని మొదలయ్యే జపం క్యాథలిక్ కాని పిల్లలందరికీ కంఠతా వచ్చేసేది. ఇంటికెళ్లి అమ్మమ్మ దగ్గర అదే చదివితే ఆవిడ ఏమనేది? శుక్రవారం నమాజుకి వెళ్లే పిల్లలకి టైమెలా సర్దేవారు? అయ్యప్ప మాల వేసుకున్న పిల్లాణ్ణి యూనిఫారం గురించి ఏమనేవారు? నువ్వు మోరల్ సైన్సు గదిలో కూర్చున్నవాడివి. అవతలి గదిలో కూర్చున్నవాణ్ణి వెతికి పట్టుకో. మీ క్లాసువాడే అయితే ఇంకా మంచిది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెప్పుకుంటుంటే రాసుకో. ఒక మతంవాళ్లు పెట్టిన బడిలో అన్ని మతాల పిల్లలు ఎలా పెరిగారన్నది ఈ రోజుల్లో మనం వివరంగా, నిజాయితీగా చెప్పుకోవాల్సిన సంగతి. అందుకే ఇంతగా పట్టుబడుతున్నాను.

ఒక తేదీ కూడా నీకు గుర్తు చెయ్యాలి. 1942 ఏప్రిల్ 6. జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన రోజు. ఆ ముందు రోజు ఈస్టరు ఆదివారం. రేవు పక్కనే ఉన్న క్యాథలిక్ బడిలో ఆ సోమవారం ఎవరున్నారు? సెలవులా? ఊరు ఖాళీ అయిపోయింది, బండ్లు దొరక్క జనం నడిచి పోయారని పెద్దవాళ్లు చెప్పేవారు. బడి ఎన్నాళ్లు మూసేశారో, పిల్లలు ఎందరు తిరిగొచ్చారో హాజరు పట్టీల్లో తేలాలి. నీ డ్రాఫ్టులో 1942 అన్న అంకే లేదు.

దెబ్బల గురించి రాయాలా వద్దా అని ఉత్తరంలో అడిగావు. రాయి. బెత్తం, మోకాళ్ల మీద నిలబెట్టడం, తెలుగులో మాట్లాడితే ఫైను, ఇవి మన కాన్వెంటు చదువుల్లో ఎక్కడ చూసినా ఉన్నవే. నేను చదివిన చోట కూడా ఉన్నాయి. అమ్మతో మాట్లాడే భాష గేటు దగ్గర వదిలి లోపలికి వెళ్లాల్సి రావడం పసివాడికి చిన్న కష్టం కాదు. అయితే కొట్టిన మాస్టారే సాయంత్రం ఫీజు కట్టలేని పిల్లాడికి ఊరికే లెక్కలు చెప్పి ఉండొచ్చు. రెండూ నీకు దొరికితే రెండూ రాయి. ఒకదానితో ఇంకోదాన్ని కప్పిపుచ్చకు.

పెద్దవాళ్లని కలిసినప్పుడు ‘మీ రోజుల్లో బడి ఎలా ఉండేదండీ?’ అని అడగొద్దు. ‘క్రమశిక్షణ అంటే అప్పటిది బాబూ’ అని మొదలుపెడతారు, నీకు చేతికి ఏమీ రాదు. ఏ బెంచీలో కూర్చునేవారు, పక్కన ఎవరు, క్యారేజీలో ఏముండేది, వాన పడితే ఏ వరండాలో నిలబడేవారు, బెల్లు ఎవరు కొట్టేవారు అని అడుగు. బెల్లు కొట్టినాయన కుటుంబం పాతపట్నంలోనే ఉంటే వాళ్లింటికీ వెళ్లు. వంటవాళ్లు, తోటమాలులు, ఆయాలు, గేటు దగ్గర జామకాయలు అమ్మినవాళ్లు, వీళ్లెవరూ గ్రూపు ఫొటోలో ఉండరు. 1849లో ఆన్సీ నుంచే వచ్చిన సెయింట్ జోసెఫ్ సిస్టర్ల ఆడపిల్లల చదువు సంగతీ ఒక అధ్యాయంగా పెట్టు. అన్నలు ఒక బడికి, చెల్లెళ్లు ఇంకో బడికి వెళ్లిన ఇళ్లు బోలెడు ఉంటాయి. ఆ చెల్లెళ్లకి మీ బడి గురించి మీకంటే ఎక్కువే తెలిసి ఉంటుంది.

పాతపట్నంలో యూరోపియన్ల శ్మశానం ఉంది కదా, ఒక పూట అక్కడికి వెళ్లి రాళ్లమీద పేర్లు, వయసులు రాసుకుని రిజిస్టర్లలో పేర్లతో కలిపి చూడు. సభవాళ్ల దగ్గర పాత ఉత్తరాలు ఫ్రెంచిలో ఉంటాయి. చదివి పెట్టేవారిని నేను చూస్తాను, ఆ బాధ్యత నాకు వదిలెయ్.

ముందుగా 1950 నుంచి 1960 అధ్యాయం రాయి. క్రమం తర్వాత చూసుకుందాం. ఆ పదేళ్ల రిజిస్టర్లు చూడటానికి ప్రిన్సిపాల్ గారికి అర్జీ ఈ వారమే పెట్టు. పేజీలు ఫొటో తీసుకోనిస్తే, తండ్రి వృత్తి గడి స్పష్టంగా పడేలా తీసి నాకూ ఒక కాపీ పంపు.

మీ అన్నయ్య