సందేహాలు – సమాధానాలు: ‘నామినేట్ అయ్యాడు’ అనవచ్చా?

సందేహం: వందేళ్ల కిందటి అమెరికా పార్టీ కన్వెన్షన్ల మీద మా సంఘం పత్రికకి వ్యాసం రాస్తున్నాను. అందులో “1924లో న్యూయార్కులో జరిగిన డెమోక్రటిక్ పార్టీ కన్వెన్షన్‌లో జాన్ డేవిస్ 103 బ్యాలట్లతో నామినేట్ అయ్యాడు” అని రాశాను. “ఇది ఎవరో పదవి ఇచ్చినట్టుంది, నామినేషన్ వేసి గెలిచాడని మార్చు” అన్నాడు మిత్రుడు. ఏది సరి? 1920 నాటి ‘పొగ నిండిన గది’ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: మీ మిత్రుడి అభ్యంతరం సబబే. ఆయన చేసిన సవరణతోనే చిక్కు.

మనకి నామినేషన్ అంటే అభ్యర్థి స్వయంగా చేసే పని. ఊరేగింపుగా వెళ్తాడు, ఎన్నికల అధికారికి పత్రాలిస్తాడు, డిపాజిట్ కడతాడు, అందుకే ‘నామినేషన్ వేశాడు’ అంటాం. ఇక ‘నామినేటెడ్ పదవి’ అనగానే ప్రభుత్వం తన వాళ్లకిచ్చే కార్పొరేషన్ ఛైర్మన్ గిరీ గుర్తొస్తుంది. అమెరికా పార్టీ కన్వెన్షన్‌లో జరిగింది ఈ రెండిట్లో ఏదీ కాదు. అన్ని రాష్ట్రాల నుంచి వచ్చిన పార్టీ ప్రతినిధులు ఓటేసి తమ అధ్యక్ష అభ్యర్థిని తేల్చుకునేవారు. ఆ రోజుల్లో అభ్యర్థి సభలో ఉండకపోవడమే మర్యాద. 1912లో బాల్టిమోర్‌లో డెమోక్రాట్ల సభలో తన కోసం అంత రగడ జరుగుతుంటే వుడ్రో విల్సన్ న్యూజెర్సీలో సీ గర్ట్ అనే చోట కూర్చుని కబురు కోసం చూస్తున్నాడు. అక్కడ లేని మనిషి చేత నామినేషన్ వేయిస్తే ఎలా? (ఆ మర్యాదని పక్కన పెట్టి, 1932లో విమానమెక్కి షికాగో వెళ్లి సభలోనే అంగీకారం చెప్పినవాడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్.)

కాబట్టి కర్త ప్రతినిధులే అని వాక్యంలో తెలియాలి. ‘డేవిస్‌ని తమ అభ్యర్థిగా ఎన్నుకున్నారు’ అనండి, లేదా ‘డేవిస్‌కి అభ్యర్థిత్వం దక్కింది’ అనండి. ‘టికెట్ దక్కింది’ అని కూడా కొందరు రాస్తున్నారు, చదవడానికి హాయిగానే ఉంటుంది గాని నాకు నచ్చదు. మన దగ్గర టికెట్ ఇచ్చేది అధిష్ఠానం. పైగా అమెరికాలో ఆ మాటకి అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జోడీ అని అర్థం. 1924లో డెమోక్రాట్ల టికెట్ అంటే డేవిస్, చార్లెస్ బ్రయన్ ఇద్దరూ కలిపి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మీ ‘103 బ్యాలట్ల’లో ఉంది. తెలుగు పాఠకుడికి బ్యాలట్ అంటే కాగితం, అందుకని డేవిస్‌కి నూట మూడు ఓట్లొచ్చాయనే అనుకుంటాడు. నిజానికి ఆ సభలో ఓటింగంటే పేరుపేరునా రాష్ట్రాల్ని పిలవడం, అక్షరక్రమంలో అలబామా మొదటిది, దాని గవర్నర్ బ్రాండన్ ప్రతిసారీ లేచి ఇరవై నాలుగు ఓట్లు తమ రాష్ట్ర సెనేటర్ అండర్‌వుడ్‌కి అని గొంతెత్తి చెప్పడం, అది రేడియోలో విన్న జనం దాన్నొక ఊతపదంగా మార్చుకోవడం! అభ్యర్థిత్వానికి ముఖ్య పోటీదారులైన మెకడూ ఒకవైపు, ఆల్ స్మిత్ ఒకవైపు పట్టు వదలలేదు. డెమోక్రాట్ల అప్పటి నియమం ప్రకారం గెలవాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి, అవి ఇద్దరిలో ఎవరికీ రావు. జూన్ 24న మొదలైన సభ జూలై 9 దాకా సాగింది, చివరికి ఇద్దర్నీ కాదని మధ్యేమార్గంగా డేవిస్‌ని ఒప్పుకున్నారు. అంచేత ‘నూట మూడోసారి ఓటింగ్ జరిగాక’ అని రాయండి. ‘రౌండ్’ అంటే మనవాళ్లకి లెక్కింపు, ‘విడత’ అంటే వేరువేరు తేదీల్లో జరిగే పోలింగ్, రెండూ ఇక్కడ అతకవు. శుభ్రంగా ‘సారి’ ఉండగా వేరే మాటెందుకు?

ఇంకోటి, ఓట్ల సంఖ్యని ‘ఇంతమంది ప్రతినిధులు’ అని మార్చేయకండి. 1924లో చాలామంది ప్రతినిధులకి తలా అర ఓటే ఉండేది.

కన్వెన్షన్ అన్నది తెలుగులో పెళ్లిళ్ల హాలుకి స్థిరపడిపోయింది, ‘జాతీయ మహాసభ’ చాలు. ‘మహానాడు’ అంటే ఒక పార్టీ గుర్తొస్తుంది. ‘ప్రతినిధుల మహాసభ’ అంటే అసలుకే మోసం, ఎందుకంటే అమెరికా చట్టసభల్లో ఒకదాన్ని మనం ‘ప్రతినిధుల సభ’ అంటున్నాం. 1912లో విల్సన్‌తో పోటీపడ్డ చాంప్ క్లార్క్ సరిగ్గా ఆ ప్రతినిధుల సభకే స్పీకరు. బాల్టిమోర్‌లో ఆయనకి పదోసారి ఓటింగులో ఓట్లు సగం దాటాయి, అయినా మూడింట రెండు వంతులు అందలేదు, నలభై ఆరోసారికి విల్సన్ గెలిచాడు. ఈ కథలో రెండు ‘సభలు’ ఒకే పేరాలో వస్తాయి కాబట్టి పాఠకుణ్ణి తికమక పెట్టకుండా ‘పార్టీ మహాసభ’ అని ప్రతిసారీ రాయండి.

ఇక పొగ నిండిన గది. విడిగా చదివితే వంటిల్లు అనిపిస్తుంది! 1920లో షికాగోలో రిపబ్లికన్ల ఓటింగ్ తేలకుండా ఆగినప్పుడు బ్లాక్‌స్టోన్ హోటల్ గదిలో పార్టీ పెద్దలు చుట్టలు కాలుస్తూ అర్ధరాత్రి దాటాక కూడా మాట్లాడుకున్నారు, మర్నాడు పదోసారి ఓటింగులో వారెన్ హార్డింగ్ గెలిచాడు. ‘పొగ నిండిన గది’ అన్న మాట మొదటిసారి వచ్చినచోట ఈ సంగతి ఒక్క ముక్కలో చెప్పి, ఆ తర్వాత ‘హోటల్ గది మంతనాలు’ అనండి. హార్డింగ్‌ని పెద్దలే ‘ఎంపిక’ చేశారని మాత్రం రాసేయకండి. ఎంపిక అంటే పైవాళ్లు చేసేది, ఎన్నిక అంటే ఓటుతో జరిగేది అని వాడుకలో తేడా స్థిరపడింది. ఆ గదిలో తుది నిర్ణయం జరిగిపోయిందన్న కథని చరిత్రకారులు పూర్తిగా నమ్మడం లేదు. మర్నాడు కూడా చాలాసార్లు ఓట్లు తీస్తే గాని హార్డింగ్‌కి మెజారిటీ రాలేదు మరి.

మీ వ్యాసంలో 1912 రిపబ్లికన్ సభ కూడా ఉండే ఉంటుంది, అది లేకుండా ఈ చరిత్ర రాయలేరు. అప్పటి అధ్యక్షుడు టాఫ్ట్‌ని మళ్లీ అభ్యర్థిగా ఎన్నుకునేటప్పుడు, ఆయనతో పోటీపడ్డ మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ వర్గం ‘వాకౌట్ చేసింది’ అని మన పత్రికల భాషలో రాయబోతారేమో. ఆ వర్గంలో మూడు వందలమందికి పైగా తమ కుర్చీల్లోనే ఉండి ఓటు వేయబోమన్నారు. ‘తటస్థంగా ఉన్నారు’ అన్నా తప్పే, వాళ్లు మండిపోతున్నారు. ‘ఓటు వేయడానికి నిరాకరించారు’ అని రాయండి.